చప్పుడు లేదని పంచనామా

రుక్మాబాయికీ నాకూ పడదు. ఈ మధ్య చెడింది కాదు, మొదటి నుంచీ అంతే. ఇత్వారా బజార్లో నా మొబైల్ సామాన్ల దుకాణం ముందు నుంచి రోజుకు రెండుసార్లు పోతుంది, ఒక్కసారీ పలకరించదు. పలకరించిందంటే తిట్టడానికే అని అర్థం. మనిషి సన్నం, గొంతు లావు. బిలోలి దగ్గరి పల్లెలో రైతుబిడ్డ. మరాఠీలో చదువుకుంది, తెలుగులో తిడుతుంది, కోపం బాగా ముదిరితే దక్ఖనీ ఉర్దూలోకి దిగుతుంది. వయసు నలభై ఆరు. ఆమె గురించి రాస్తున్నానని తెలిసి నా భార్య సారిక నవ్వింది. నవ్వనీ.

ఆమె భర్త గజానన్ ఇంటి ముందు గదిలో టీవీలు బాగుచేసేవాడు. అయిదేళ్ల కింద కామెర్లతో పోయాడు. పోయాక ఆ గదిలో రెండు పెద్ద టీవీలు మిగిలాయి. బాగుచేయమని ఇచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. రుక్మాబాయి రెండేళ్లు ఎదురుచూసి, పుణె పోతున్న ఎవరో కుర్రాడి దగ్గర రెండు పాత గేమ్ కన్సోళ్లు కొని, ఒక్కో టీవీకి ఒకటి తగిలించి, నేల మీద చాప పరిచింది. గల్లీ పిల్లలు గంటకింత అని ఇచ్చి ఆడుకుంటారు. కూతురు దీపాలి నర్సింగ్ రెండో ఏడు చదువుతోందంటే ఆ గది వల్లే. ఇంట్లో పొయ్యి వెలిగేదీ ఆ గది వల్లే.

గది నడిపే తీరు కూడా మనిషి లాంటిదే. బడి విడిచే నాలుగింటికి ముందు తలుపు తియ్యదు. చెప్పులు బయట వరసగా ఉండాలి. అమ్మనో అక్కనో పెట్టి తిట్టినవాడికి వారం రోజులు గడప తొక్కే భాగ్యం లేదు. తాను మాత్రం గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తుంది. ఒక్కరోజూ ఆడలేదు గానీ, చప్పుడు వినగానే ఏ రిమోట్‌లో ఏ బటన్ చచ్చిందో చెప్పేస్తుంది. ఈ సంగతి నాకు నచ్చకపోయినా నిజం.

ఇక గోడ సంగతి. ఆ ఇల్లు మామగారిది. కొడుకులిద్దరూ వాటాలు వేసుకున్నప్పుడు నడుమ సన్నటి ఇటుక గోడ లేపారు. అత్త ముత్తెమ్మ మాత్రం, "నేను బతికినన్ని రోజులు మీది పత్రాలు కొయ్యొద్దు, ఒక్క కప్పు కిందనే ఉండుండ్రి" అంది. అందుకని గోడ ఆ పత్రాలకు, అంటే పైకప్పు రేకులకు, రెండు మూరల కిందే ఆగిపోయింది. ముత్తెమ్మ పోయి మూడేళ్లయింది. గోడ ఇంకా అక్కడే ఉంది. లేపాల్సింది వదినె అని మరిది అంటాడు, మరిది అని వదినె అంటుంది. ఆ సందులోంచి పోపు వాసన వస్తుంది, పిల్లులు వస్తాయి, మాటలు వస్తాయి. ముత్తెమ్మ దినాల నాడు ఇత్తడి బిందె దగ్గర గొడవై, అప్పటి నుంచి తోటికోడళ్లు మాట్లాడుకోవడం మానేశారు.

మరిది పేరు వెంకట్రావ్. మోంఢాలో, అదే ధాన్యం మార్కెట్‌లో, కాటా దగ్గర గుమాస్తా. మెడలో తులసిమాల, నుదుట నల్లటి బుక్కా బొట్టు, బజార్లో అందరికీ రెండు చేతుల నమస్కారం. పైన పటారం లోన లొటారం అంటారే, అదెలా ఉంటుందో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది, అదీ చాలా ఆలస్యంగా. ఆ ముందు గది తన వాటాలో కలిస్తే రోడ్డు మీదికి రెండు షట్టర్ల దుకాణం అవుతుంది, కొడుకు సంకేత్‌ను కూర్చోబెట్టవచ్చు. అందుకని మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు కాగితం పెట్టాడు: వదినె గదిలో పొద్దస్తమానం తుపాకుల మోత, కేకలు, ఇంట్లో పూజ చేసుకోనివ్వడం లేదు. సోమవారం సాయంత్రం అయిదింటికి తనిఖీకి వస్తామని, చప్పుడు ఉన్న మాట నిజమైతే గదికి తాళం వేస్తామని రుక్మాబాయికి నోటీసు వచ్చింది.

సౌండు తగ్గించి చూసింది. పిల్లలు స్టేషన్ దగ్గర ఇంకో గేమ్ గదికి పోయారు. రిమోట్‌కు వైరు హెడ్‌ఫోన్లు గుచ్చి చూసింది. గోల్ పడగానే వాళ్లు ఎగిరి గంతేస్తారు, వైరు తెగుతుంది, రిమోట్ రంధ్రం ఊడి వస్తుంది. రెండు అలాగే పోయాయి. అప్పుడు బుధవారం నా దుకాణానికి వచ్చింది.

"వైరు లేనివి గావాలె. నాలుగు. గేమ్ డబ్బాకు కలుస్తయా?"

"ఎందుకు కలువయి? దాంట్ల బ్లూటూత్ ఉన్నది, దీంట్ల బ్లూటూత్ ఉన్నది" అన్నాను. అన్నాను గానీ, ఆ కన్సోల్‌ను నా జన్మలో ముట్టుకోలేదు. మా వంశంలోనే ఉంది ఈ గుణం. ధర్మాబాద్‌లో మా తాత కూడా తెలియదు అన్న మాట గల్లా ముందు కూర్చుని ఎన్నడూ అనలేదట.

గురువారం పొద్దున్నే నాలుగు డబ్బాలూ గల్లా మీద పడ్డాయి. పడేసింది ఎవరో తల ఎత్తకుండానే తెలిసింది.

"కలుస్తలేవు."

"నీకు కలుపరాలేదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది సేటూ. నీ మాల్ పనికిరాక నాకు పెడ్తున్నవ్ పేరు."

దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. వాళ్ల ముందు ఆ మాట. నాకు మండింది. షట్టర్ సగం దించి, డబ్బాలు చంకన పెట్టుకుని, కలిపి చూపిస్తా పద అని ఆమె వెంటే పోయాను. సాయం చేయడానికి కాదు, ఆమె నోరు మూయించడానికి పోయాను.

హెడ్‌ఫోన్ బటన్ నొక్కి పట్టుకుంటే లైటు మినుకు మినుకుమంది. కన్సోల్ సెట్టింగ్స్‌లో వెతికితే టీవీ తెర మీద దాని పేరు వచ్చింది. చూశావా అన్నట్టు ఆమె వైపు చూశాను. పేరు మీద నొక్కాను. బ్లూటూత్‌తో సౌండు సామాన్లు తీసుకోము అని తెర మీద ముక్క పడింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. నాలుగు హెడ్‌ఫోన్లూ, రెండు కన్సోళ్లూ, ఎనిమిదిసార్లు అదే అవమానం. ఆ డబ్బా రిమోట్లను మాత్రమే గాలిలో కలుపుకుంటుందట, చెవులకు చప్పుడు పంపదట. ఆ మాట పెట్టె మీదా రాసి లేదు, నాకూ తెలియదు.

గోడ మీది సందులోంచి వెంకట్రావ్ గొంతు వచ్చింది. "సోమవారం దాక చేసుకోండ్రి మీ ఆటలు."

రుక్మాబాయి చీపురు తీసుకుని నేను కూర్చున్న చోటు తప్ప గదంతా ఊడ్చింది. తిట్టినా బాగుండేది.

ఇక నాకు పట్టుదల పట్టుకుంది. ఆ రాత్రీ మర్నాడూ ఫోన్లో వీడియోలు చూసి, తెలిసినవాళ్లనల్లా అడిగి, చివరికి దారి దొరికింది. వేలెడంత ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని కన్సోల్ యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చితే, ఎవరో వైరు పెట్టారనుకుని ఆ డబ్బా చప్పుడంతా దానికి ఇచ్చేస్తుంది. ఆ ముక్క దాన్ని గాలిలో హెడ్‌ఫోన్లకు పంపుతుంది, ఒకేసారి రెండింటికి. నిజామాబాద్‌లో దొరుకుతాయంటే అక్కడి నుంచి వచ్చే బస్సులో రెండు తెప్పించాను.

శనివారం నాలుగున్నరకు వాటిని గుచ్చడానికి పోయాను. అదీ ఒక పట్టాన కుదరలేదు. మొదట ఒక హెడ్‌ఫోన్ పోయి నిలేశ్ అనే పిల్లవాడి జేబులోని ఫోన్‌కు అతుక్కుంది. నేను లేనప్పుడు వాడు దాంట్లో పాటలు విన్నాడట. అందరి ఫోన్లూ బంద్ చేయించాను. తర్వాత చెవిలో ఏమీ వినిపించలేదు. సెట్టింగ్స్‌లో మాటలు మాత్రమే అని ఉన్నదాన్ని మొత్తం సౌండు అని మార్చాల్సి వచ్చింది. చివరికి నలుగురు పిల్లల చెవుల్లో నాలుగు హెడ్‌ఫోన్లు నిలిచాయి. బంతిని తన్నాక రవ్వంత ఆగి చప్పుడు వస్తోందని ఒకడు సణిగాడు. "రానీ, నీకేమన్న రైలు పోతుందా" అంది రుక్మాబాయి.

గదిలో నిశ్శబ్దం. తెర మీద స్టేడియం అంతా లేచి అరుస్తోంది, గదిలో రిమోట్ బటన్ల టిక్కుటిక్కు తప్ప ఏమీ లేదు. ఆమె వెల్లుల్లి చాట పక్కన పెట్టి, గోడ దగ్గరికి పోయి, తల వంచి వింది. ఆమె ముఖంలో సంతోషం నేను మొదటిసారి చూశాను. నాకూ గర్వంగా ఉంది, అబద్ధం ఎందుకు.

అయిదుంబావుకు అవతల వెంకట్రావ్ స్కూటర్ ఆగింది. కాసేపటికి గొంతు మొదలైంది. ఎవరింట్లోనో సీరియల్ అనుకున్నాను ముందు. చాయ్ చల్లారిందని మొదలై, సుందరబాయి పుట్టింటి దాకా పోయింది. సుందరబాయి అంటే ఆయన భార్య, గల్లీలో తల ఎత్తి నడవగా ఎవరూ చూడని మనిషి. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. తర్వాత చెంప దెబ్బ. దాని తర్వాత స్టీలు పళ్లెం గోడకు తగిలి కింద పడి చాలాసేపు తిరిగింది. మళ్లీ దెబ్బ. ఆమె ఏడుపు లేదు. "మెల్లగ, మెల్లగ" అంటోంది అంతే.

కొట్టొద్దు అనడం లేదు ఆమె. మెల్లగా కొట్టమంటోంది.

పిల్లలకు ఏమీ తెలియదు, చెవుల్లో స్టేడియం ఉంది. రుక్మాబాయి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఎనిమిదింటికి వెంకట్రావ్ భజనకు పోతాడు, ఆమె గది కట్టేసేదీ ఎనిమిదింటికే. ఆయన ఇంటికి వచ్చే అయిదు నుంచి ఈ మూడు గంటలూ, మూడేళ్ల నుంచీ, ఇక్కడి తుపాకుల మోత కింద అక్కడ ఏం జరిగేదో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"ఆయన కొడ్తుంటే నేను డోలు గొట్టిన సేటూ" అంది. "మూడేండ్లు డోలు గొట్టిన."

నేను నా సామాను సర్దుకుని వచ్చేశాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. అది అనుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ పోవాల్సి వచ్చింది, ఒక హెడ్‌ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం లేదని. టీవీ వెనక వంగి ఉన్నాను. వెనక వాకిట్లోంచి సుందరబాయి వచ్చింది, పెరుగు తోడు కోసం వచ్చినట్టు చేతిలో చిన్న గిన్నె. మూడేళ్ల తర్వాత ఆ గడప లోపలికి వచ్చింది. నన్ను చూడలేదు, చూసినా లెక్క చేయలేదేమో.

"అక్కా, సౌండ్ పెట్టు" అంది.

రుక్మాబాయి వెల్లుల్లి చాట కింద పెట్టింది.

"నిన్న ఎప్పటిలెక్క మోత లేకపాయె. పోరగాండ్లు విన్నరేమో. నాకు సిగ్గయితుంది. జెర పెట్టక్కా, నీ కాల్మొక్త."

"రేపు ఆఫీసాయన వస్తడు. సౌండ్ పెడ్తే గదికి తాళం."

"నాకెర్కే." సుందరబాయి గిన్నె వంక చూస్తూ అంది. "గందుకే అడుగుతందుకు మొకం చెల్లలే."

"సిగ్గు పడాల్సింది నువ్వా?" అంది రుక్మాబాయి. అరవలేదు. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. "పెట్టను సుందరా. తాళం కోసం గాదు. నీకోసమే పెట్టను."

సుందరబాయి తోడు తీసుకోకుండానే పోయింది. నాకు రుక్మాబాయి మీద కోపం వచ్చింది. కాళ్లు మొక్కుతానన్న మనిషిని అలా పంపిస్తారా? పైగా ఆమె పెట్టను అన్నది గది కోసమే, పైకి పెద్ద మాటలు చెబుతోంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

సోమవారం అయిదింటికి ఆఫీసు మనిషి వచ్చాడు. ముప్పై దాటని మరాఠీ కుర్రాడు, చంకలో ఫైలు. పంచనామాకు ఇద్దరు పంచులు, అంటే సాక్షులు, కావాలన్నాడు. నన్నొకణ్ని, ఎదురింటి పాల వెంకటిని ఒకణ్ని పిలిచాడు. ముందు వెంకట్రావ్ వాటాలోకి పోయి నిలబడ్డాం. ఇవతల నలుగురు పిల్లలు ఆడుతున్నారు. ఏమీ వినిపించలేదు. వెంకట్రావ్ మెడలో మాల తడుముకుంటున్నాడు.

"ఇయ్యాల బందు పెట్టింది సాబ్. దినాం గిట్ల ఉండది."

ఆఫీసు మనిషి రుక్మాబాయి గదిలోకి వచ్చి, పిల్లల్ని చూసి, నిలేశ్ హెడ్‌ఫోన్ తీసి తన చెవికి పెట్టుకున్నాడు. నవ్వాడు. మంచి పని చేశావు బాయీ అని మరాఠీలో మెచ్చుకుని, స్టూలు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గెలిచినట్టే ఉంది.

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తలుపు వేస్తే పైన సందు కూడా మూసుకుపోతుందనుకున్నాడో ఏమో.

"నిన్న దానింటికి పోయినవా లేదా? మోత బందు పెట్టుమని నువ్వే జెప్పినవ్ దానికి."

"పెరుగు తోడుకు పోయిన…"

దెబ్బ వినిపించింది. వెంటనే ఇంకొకటి. "మెల్లగ, అవుతల సాబ్ ఉన్నడు" అని సుందరబాయి గొంతు. ఆ తర్వాత ఏదో బరువైనది కింద పడింది. వస్తువు కాదు.

నిలేశ్ చెవి మీది నుంచి హెడ్‌ఫోన్ తీశాడు. వాణ్ని చూసి మిగతా ముగ్గురూ తీశారు. నలుగురూ తలలెత్తి గోడ మీది సందు వైపు చూస్తున్నారు. ఆఫీసు మనిషి కలం ఆగింది. సందు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, మళ్లీ రాశాడు.

"ఇనవస్తుందా సాబ్?" అంది రుక్మాబాయి.

"హే మాఝం ఖాతం నాహీ, బాయీ." అది తన ఖాతా, అంటే తన శాఖ పని, కాదట. తాను చూడాల్సింది ఈ గది చప్పుడు ఒక్కటేనట. రాసింది చదివి వినిపించాడు: తనిఖీ సమయంలో పంచుల సమక్షంలో విన్నాం, ఎలాంటి చప్పుడూ వినిపించలేదు. పంచులు సంతకాలు పెట్టి, గది యజమానురాలు పెడితే, కేసు ఈరోజే బంద్, గది ఆమెదే.

కలం ముందు నాకు ఇచ్చాడు. పెట్టాను. ఆమె మంచికే కదా అనుకున్నాను. ఆమె గది నిలుస్తుంది, కూతురి చదువు నిలుస్తుంది. తొందరగా అయిపోతే అక్కడి నుంచి బయటపడొచ్చని కూడా అనుకున్నాను. నా పేరు రామకిషన్ అని గుండ్రంగా, అందంగా రాశాను.

కలం రుక్మాబాయి చేతికి పోయింది. ఆమె కాగితం చదివింది.

"చప్పుడు రాలేదని రాసిండ్రు."

"నీ గదిలోంచి రాలేదు కదా" అన్నాడు.

"నా గదిలనే విన్న. మీరు గూడ నా గదిలనే కూసోని విన్నరు. రాలేదని నేనెట్ల పెట్టాలె?"

సంతకం లేకపోతే కేసు తెరిచే ఉంటుందని, అది తేలేదాకా ముందు గదికి తాళం పడుతుందని ఆయన ఓపికగా చెప్పాడు. దీపాలి ఫీజు సంగతి నేను ఎత్తాను. ఆమె నా వైపు తిరిగి కూడా చూడలేదు.

"పడనీ" అని కలం స్టూలు మీద పెట్టింది.

పాల వెంకటి నసుగుతూ నిలబడ్డాడు. "బాయి పెట్టకుంటే నేనెట్ల పెడ్త" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

రుక్మాబాయి బయటికి పోయి పక్క తలుపు అరచేత్తో కొట్టింది. తీసేదాకా కొట్టింది. వెంకట్రావ్ తీశాడు. ఆయన్ని దాటి లోపలికి పోయి, సుందరబాయిని రెక్క పట్టుకుని లేపి గల్లీలోకి తెచ్చింది. కొప్పు ఊడిపోయి ఉంది, కొంగు చెంపకు అదుముకుని ఉంది.

"ఇంటి పరువు బజార్ల పెడ్తవా వదినె?" అన్నాడు వెంకట్రావ్.

"నీ ఇంట్ల అదెక్కడున్నదో నాకు చూపియ్, పెట్టను."

"ఏడికక్కా?" అంది సుందరబాయి.

"ఇది ఏ ఖాతాదో ఆ ఖాతాకు."

సుందరబాయి ఒక్క క్షణం గడప వైపు చూసింది. తర్వాత వంగి చెప్పులు తొడుక్కుంది. ఆటో వచ్చింది. ఎక్కబోతూ రుక్మాబాయి నా దగ్గర ఆగింది.

"సేటూ, పోరగాండ్లకంటే చెవులకు హెడ్‌ఫోన్లు ఉండె. నీ చెవులకేముండె?"

ఎక్కి కూర్చుంది. ఆటో పోయింది.

గదికి తాళం పడి నెల దాటింది. సుందరబాయి వెనక గదిలో రుక్మాబాయితోనే ఉంటోంది. ఇద్దరూ కలిసి జొన్న రొట్టెలు చేసి హాస్టళ్లకు పంపుతున్నారు. వెంకట్రావ్ మీద పోలీసులు కేసు రాసుకున్నారు, మోంఢాలో ఇప్పుడు ఆయన నమస్కారాలకు ఎవరూ చేతులెత్తడం లేదు. రుక్మాబాయి మునుపటిలాగే నా దుకాణం ముందు నుంచి పోతుంది.

మొన్న ఆఫీసుకు పోయి, ఆ పంచనామా మీద నా పేరు కొట్టేయమని అడిగాను. ఆఫీసు మనిషి ఫైలు తీసి చూపించాడు. ఒకసారి పెట్టింది కొట్టేయడం కుదరదన్నాడు. ఎలాంటి చప్పుడూ వినిపించలేదన్న మాట కింద మూడు సంతకాలకు చోటుంది. దాంట్లో నాది ఒక్కటే ఉంది.